కొండలకు ఒక్కరోజులో వెళ్లి రావాలంటే: సొంత కారా, బస్సా?

నగరానికి రెండు మూడు గంటల దూరంలో కొండలుంటే పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఎలా వెళ్లాలన్న దగ్గరే ఇంట్లో వాదన మొదలవుతుంది. నేను రెండు రకాలుగానూ వెళ్లాను. ఇప్పుడు బస్సు వైపే మొగ్గుతాను. అయితే కారుదే పైచేయి అయ్యే వేళ ఒకటుంది, ముందు దాని సంగతి.

అది తెల్లవారుజాము. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలు వేడెక్కి, అక్కడి గాలి తేమతో సహా పైకి లేచి, చల్లబడి మబ్బు కడుతుంది. పొద్దున కడిగినట్టు కనిపించిన శిఖరం మధ్యాహ్నానికి కనబడకుండా పోయేది చాలాసార్లు ఇందుకే. కారుంటే నాలుగింటికే బయల్దేరొచ్చు. మొదటి బస్సే ఏడింటికైతే, పైకి చేరేసరికి మంచి సమయం సగం అయిపోతుంది. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు వెంట ఉన్నా కారే నయం.

కానీ ఘాట్ రోడ్డులో నడిపేవాళ్ల కళ్లు మలుపు మీదే ఉండాలి. వెనక సీట్లోవాళ్లు "అదిగో జలపాతం" అంటుంటే నేను చూసింది ముందు లారీ వెనక చక్రాలే. దిగేటప్పుడు ఇంకా కష్టం. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది, మాడు వాసన వస్తుంది. తక్కువ గేరులో మెల్లగా దిగాలి. రోజంతా తిరిగి అలిసిపోయాక, చీకటిపడే వేళ చేయాల్సిన పని ఇది.

నడక ఇష్టమున్నవాళ్లకు బస్సుతో ఇంకో లాభం ఉంది, చాలామందికి తట్టదు. కారైతే పెట్టిన చోటికే తిరిగి రావాలి. బస్సైతే కొండ ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగి, అక్కడి స్టాపులో ఎక్కేయొచ్చు.

టెన్షన్ అంతా చివరి బస్సు గురించే. దాన్నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల నడకకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 600 మీటర్లు ఎక్కాల్సిన 10 కిలోమీటర్ల దారికి మూడు గంటలు. కూర్చోవడాలు, ఫొటోలు ఇందులో లేవు కాబట్టి నేను నాలుగున్నర అనుకుంటాను. చేరాల్సింది కూడా చివరి బస్సుకు కాదు, దాని ముందుదానికి. లోయలో పొద్దు కొండ చాటుకు తొందరగా వాలిపోతుంది.

ఎలా వెళ్లినా స్వెట్టర్ మాత్రం మరవొద్దు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది.

కొండ కింది ఊరి నుంచి తెల్లారగానే బస్సులుంటే నేను రెండూ కలిపేస్తాను. చీకటితోనే కారులో అక్కడిదాకా వెళ్లి, పార్క్ చేసి, పైకి బస్సెక్కుతాను, లోయ వైపు కిటికీ చూసుకుని.