కిట్టా, డైకాస్టా? హైదరాబాద్‌లో మోడల్ కార్ల హాబీ మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు?

చేతిలో ఐదు వేల రూపాయలున్నాయనుకోండి. వాటితో తమియా 1/24 కారు కిట్ (నిజం కారులో 24వ వంతు ఉండే, భాగాలు మనమే అతికించుకోవాల్సిన ప్లాస్టిక్ కారు) ఒకటి కొనాలా? లేక హాట్ వీల్స్ లాంటి డైకాస్ట్ కార్లు (అచ్చులో పోసిన లోహపు బొమ్మ కార్లు) నాలుగైదు తెచ్చి, విప్పి, ఉన్న రంగు తీసేసి నచ్చినట్టు మార్చుకోవాలా? కొత్తగా ఈ హాబీలోకి వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నా మాట ముందే చెప్పేస్తాను. జీవితాంతం రెండింటిలో ఒకటే చేసుకోమంటే నేను కిట్టే ఎంచుకుంటాను. కానీ మన ఊళ్లో మొదలుపెట్టేవాళ్లు మొదటి కొన్ని నెలలు డైకాస్ట్ మీద చేయి తిప్పుకుని, ఆ తర్వాత కిట్ దగ్గరికి రావడం మంచిది. దానికి నా కారణాలు ఇవి.

కిట్ డబ్బా తెరిస్తే అందులో కారు కనిపించదు. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో పోతపోసిన చట్రాలు ఉంటాయి, వాటిని స్ప్రూలు అంటారు. వాటికి అంటుకుని స్టీరింగ్, సీట్లు, బ్రేక్ డిస్కులు, సస్పెన్షన్, సైలెన్సర్ అన్నీ విడివిడిగా ఉంటాయి. నిప్పర్‌తో ఒక్కో భాగాన్ని కత్తిరించి, మిగిలిన మొటిమను నున్నగా రుద్ది, రంగు వేసి, అతికించుకుంటూ పోవాలి. బాడీ అన్నింటికంటే చివర ఛాసిస్ (కారు అడుగు భాగం) మీద కూర్చుంటుంది. తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి ఈ నాలుగూ జపాన్‌లోని షిజువోకా ప్రాంతం కంపెనీలే. ఐరోపా వైపు నుంచి రెవెల్, ఇటలేరి వస్తాయి. అమెరికా కిట్లు ఎక్కువగా 1/25 కొలతలో ఉంటాయి, పక్కపక్కన పెడితే ఆ తేడా పెద్దగా తెలియదు.

డైకాస్ట్ కస్టమ్ దీనికి తిరగేసిన పని. అక్కడ కారు ముందే తయారై ఉంటుంది, మనం వెనక్కి విప్పుకుంటూ వెళ్తాం. హాట్ వీల్స్ కారు అడుగున సాధారణంగా రెండు రివెట్లు ఉంటాయి. డ్రిల్ బిట్‌తో వాటి తల తీసేస్తే బాడీ, అద్దం, సీట్ల ముక్క, అడుగు భాగం, చక్రాలు విడిపోతాయి. బాడీ జింకు ప్రధానంగా ఉండే మిశ్రమ లోహం. పాత రంగు తీసి, ప్రైమర్ (రంగు పట్టడానికి కింద వేసే పొర) కొట్టి, కొత్త రంగు వేసి, చక్రాలు మార్చి, అడుగున చిన్న స్క్రూలు బిగిస్తే ఒక కారు పూర్తవుతుంది. వరసగా రెండు సెలవు రోజులు దొరికితే చాలు. కిట్‌కైతే నెలలు పడుతుంది, తొందరపడితే పాడవుతుంది.

ఇక డబ్బు సంగతి. మామూలు హాట్ వీల్స్ కారు రెండు వందల లోపే దొరుకుతుంది. తమియా 1/24 స్పోర్ట్స్ కారు కిట్ మన దగ్గర మూడు వేల నుంచి ఐదారు వేల దాకా ఉంటుంది. జపాన్ ధర చూసినవాళ్లు దుకాణదారుడు దోచుకుంటున్నాడనుకుంటారు గానీ అది పూర్తి నిజం కాదు. స్కేల్ మోడల్ కిట్లు కస్టమ్స్ లెక్కలో ఆటబొమ్మల పద్దు కిందికే వస్తాయి. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పన్ను, రవాణా, దుకాణం లాభం దాని మీద కలుస్తాయి. పెద్దవాళ్లు నెలల తరబడి కూర్చుని చేసే పనిని, పిల్లలు దొర్లించే బొమ్మను ఒకే గాటన కట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కానీ కొనేటప్పుడు ఆ లెక్క మన జేబు మీదే పడుతుంది. అందుకే మొదటిసారి స్ప్రే డబ్బా పట్టే చేయి రెండు వందల కారు మీద వణికితే నష్టం లేదు, ఐదు వేల కిట్ మీద వణికితే బాధే.

అసలు తేడా రంగు దగ్గర తేలుతుంది. ఈ హాబీలో కష్టమైన విద్య అతికించడం కాదు, రంగు వేయడం. భాగాలన్నీ సరిగ్గా కూర్చినా బాడీ మీద రంగు నారింజ తొక్కలా గరుకుగా ఉంటే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది.

పాలిస్టైరీన్‌కు ఘాటైన థిన్నర్ పడదు. కిట్లు అతికించే పల్చటి సిమెంట్ కూడా గమ్ములాంటిది కాదు. అందులోని ద్రావకాలు రెండు అంచులనూ కాస్త కరిగిస్తాయి, ఆరాక రెండూ ఒకే ప్లాస్టిక్‌గా కలిసిపోతాయి. అతుకు అంత గట్టిగా ఉండటానికి కారణం ఈ కరిగే గుణమే, నిజం కారు పెయింట్ నేరుగా కొడితే బాడీ చెడిపోవడానికి కారణమూ అదే. అందుకని కిట్‌కు మోడల్ పెయింట్లే వాడాలి, లేదా ముందు మంచి ప్రైమర్ పొర వేయాలి. తమియా టీఎస్ స్ప్రే డబ్బాలు చాలా బాగుంటాయి. కాకపోతే ఒత్తిడితో నింపిన ఈ డబ్బాలను విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి. ఊళ్లో సరుకు లేకపోతే కావలసిన రంగు కోసం వారాలు ఎదురుచూడాల్సిందే.

లోహపు బాడీకి ఆ బెంగ లేదు. కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్లకు రంగు కలిపి ఇచ్చే దుకాణానికి వెళ్లి, కలర్ కోడ్ చెప్పి, కొద్దిగా కలిపించుకోవచ్చు. మీ ఇంటి కింద నిలబెట్టిన కారు రంగు అచ్చంగా ఆ బుల్లి కారుకు ఎక్కుతుంది. ప్రైమరూ థిన్నరూ అక్కడే దొరుకుతాయి. 400 నుంచి 2000 నంబరు వరకు వాటర్ పేపర్లు, సన్నటి డ్రిల్ బిట్లు కావాలంటే రాణిగంజ్, ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ దుకాణాలు ఉండనే ఉన్నాయి. రంగు చెడిపోతే రిమూవర్ రాసి మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎన్నిసార్లు కడిగినా లోహానికి ఏమీ కాదు. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అలాగని డైకాస్ట్ అన్నిటినీ క్షమిస్తుందనుకోవద్దు. రంగు మందాన్ని అది అస్సలు ఓర్చుకోదు. పొరలన్నీ కలిపి 0.1 మిల్లీమీటరు ఉన్నాయనుకుందాం. 1/24 కారు మీద అది నిజం కారుకు 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం. 1/64 కొలతగా చెప్పే హాట్ వీల్స్ కారు మీద 6.4 మిల్లీమీటర్లు. డోరు గీతలు, బానెట్ గీతలు అంత పూత కింద పూడుకుపోతాయి. ఫ్యాక్టరీ రంగు మీదే కొత్త రంగు కొట్టిన కార్లు ముద్దగా కనిపించడానికి కారణం ఇదే. రంగు తీయకుండా కస్టమ్ మొదలుపెట్టకండి. పల్చటి పొరలు వేసి, ఒక్కోటీ ఆరనివ్వడం 1/64 మీద అలవాటైతే, 1/24 మీద చేయి దానంతట అదే తేలిగ్గా నడుస్తుంది.

హైదరాబాద్ వాతావరణం గురించి రెండు మాటలు చెప్పాలి, ఇది రెండింటికీ వర్తిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల రోజుల్లో లాకర్ రంగులు (ఘాటైన థిన్నర్‌తో త్వరగా ఆరేవి) కొడితే పైన తెల్లటి పొగమంచు లాంటి పొర తేలుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి రంగు పొరలో చిక్కుకుంటుంది. నిదానంగా ఆరే థిన్నర్‌ను పొడి రోజున పల్చగా కొడితే చాలావరకు పోతుంది. మే నెల మధ్యాహ్నాల్లో ఇంకో చిక్కు. రంగు బాడీకి తగిలేలోపే గాలిలో ఆరిపోయి పొడిపొడిగా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామునే పని ముగించాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మన ఊరు రంగు పనికి చక్కగా సహకరిస్తుంది. కిట్ కొన్నవాళ్లు వానాకాలంలో ఛాసిస్, సీట్లు, డ్యాష్‌బోర్డు పని బ్రష్‌తో చేసుకుని, బాడీని చలికాలానికి ఉంచుకోవచ్చు. డైకాస్ట్‌లో అలా పంచుకోవడానికి వేరే పనే ఉండదు, వాన పడితే ఆగిపోవడమే.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు వాసన గురించి తప్పక ఆలోచించాలి. పెయింట్ రిమూవర్లలో కొన్నింటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరికీ చర్మానికీ ప్రమాదం. బాల్కనీలో, గ్లోవ్స్ వేసుకుని, పిల్లలు లేనప్పుడే వాడాలి. మామూలు గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. రసాయన ఆవిర్లను పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే కారు క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శక పూత, అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ అందులో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. దాన్ని ఇంట్లో కొట్టొద్దని నేను గట్టిగా చెప్తాను. ఈ విషయంలో కిట్ మెరుగు. నీటితో పల్చన చేసే అక్రిలిక్ రంగులతో, బ్రష్ పట్టుకుని, పెద్దగా వాసన లేకుండా లోపలి భాగాలన్నీ పూర్తి చేయవచ్చు.

ఇంత చెప్పాక కూడా నా మనసు కిట్ వైపే ఎందుకు మొగ్గుతుందంటే, మార్చుకునే స్వేచ్ఛ అక్కడే ఎక్కువ. డైకాస్ట్‌లో చక్రాలు మార్చగలం, కారును కిందికి దించగలం, రంగు, డీకల్స్ (నీటిలో తడిపి అంటించే పల్చటి స్టిక్కర్లు) మన ఇష్టం. లోహాన్ని కోయడం, ఆకారం మార్చడం మాత్రం బాగా కష్టం. అద్దాలన్నీ కలిపి ఒకే ముక్కగా ఉంటాయి. పైగా హాట్ వీల్స్ కార్లు 1/64 అని చెప్పుకున్నా, పెద్ద కారైనా చిన్న కారైనా ఇంచుమించు ఒకే పొడవులో వస్తాయి. ప్లాస్టిక్‌ను రేజర్ రంపంతో కోయవచ్చు, షీటు ముక్క చేర్చవచ్చు, పుట్టీ పెట్టి రుద్దవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. మన మారుతి జిప్సీ అసలు సుజుకి జిమ్నీ కుటుంబంలోని పొడవు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) బండి. హసెగావా దగ్గర 1/24లో పాత జిమ్నీ జేఏ71 కిట్ ఉంది, కానీ అది పొట్టి బండి. పొట్టిదాని వీల్‌బేస్ 2030 మిల్లీమీటర్లు, జిప్సీది 2375. తేడా 345 మిల్లీమీటర్లు. 1/24లో అది 14.4 మిల్లీమీటర్లు. ఛాసిస్‌ను మధ్యలో కోసి అంత ముక్క చేర్చి, వెనక బాడీని ప్లాస్టిక్ షీటుతో కట్టుకుంటే, ఒకప్పుడు మన వీధుల్లో తిరిగిన పోలీసు జిప్సీ చేతికొస్తుంది. ఏ డబ్బాలోనూ దొరకని కారు అది. డైకాస్ట్ మీద ఈ పని తలకెత్తుకోలేం.

నంబరు ప్లేటు సంగతీ అంతే. మన పొడవాటి కారు ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు. 1/24లో దాదాపు 21 మిల్లీమీటర్ల పొడవు, 5 ఎత్తు. ప్రింటర్‌లో డీకల్ పేపరు మీద తీస్తే అక్షరాలు స్పష్టంగా చదవొచ్చు. 1/64లో ప్లేటు ఎత్తు 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పాత అంబాసిడర్‌కు ఏపీ 09, 2014 జూన్ తర్వాతి బండికి టీఎస్, 2024 మార్చి తర్వాతి బండికి టీజీ అని సరిగ్గా పెడితే, చూసిన హైదరాబాదీకి ఆ బండి ఏ కాలందో వెంటనే తెలుస్తుంది. నాకు ఇలాంటి చిన్న నిజాలంటే ప్రాణం.

అంబాసిడర్ అన్నాను కాబట్టి మూడో దారి కూడా చెప్పాలి. జపాన్ కంపెనీల క్యాటలాగుల్లో మన అంబాసిడర్ కనబడదు. మన సెంటీ కంపెనీ చేసే పుల్‌బ్యాక్ అంబాసిడర్, ఆటో మాత్రం బొమ్మల దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. వాటిని విప్పి, అతుకు గీతలు రుద్ది, ప్రైమర్ వేసి, క్రోమ్ పట్టీలకు సన్నటి మెటల్ రేకు అంటిస్తే పోల్చుకోలేనంతగా మారిపోతాయి. ప్లాస్టిక్ కాబట్టి ఏ థిన్నరైనా ముందు లోపలివైపు ఒక చుక్క వేసి చూశాకే వాడాలి. మన రోడ్ల కార్లు షెల్ఫ్‌లో ఉండాలనుకునేవాళ్లకు నేను వీటినే చెప్తాను. 3డీ ప్రింటింగ్ గురించి కూడా అడుగుతుంటారు. డిజైన్ ఫైలు తయారు చేసుకోవడం వచ్చినవాళ్లకు అది మంచి తోడు, చక్రాలకూ బంపర్లకూ బాగా పనికొస్తుంది. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టనక్కర్లేదు.

పదేళ్ల పిల్లల కోసమైతే పై రెండూ వద్దు. అవోషిమా 1/32 స్నాప్ కిట్లు చూడండి. గమ్ము అక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు, భాగాలు ఒకదానిలో ఒకటి నొక్కితే బిగుసుకుంటాయి. జిమ్నీ కూడా ఉంది అందులో.

మా అక్క కొడుకు ఉద్యోగం వచ్చాక కూకట్‌పల్లిలో ఫ్లాట్ తీసుకుని, "మామా, ఇవన్నీ కాదు గానీ నేను ఏది కొనాలో చెప్పు" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. మూడు మామూలు డైకాస్ట్ కార్లు, చిన్న హ్యాండ్ డ్రిల్, ఒక ప్రైమర్ డబ్బా, ఒకే రంగు, ఒక క్లియర్ కోట్, వాటర్ పేపర్లు, సరైన మాస్కు కొనండి. మూడు కార్లకూ అదే రంగు వేయండి, చేతి వేగమూ డబ్బా దూరమూ ఎంత ఉండాలో అప్పుడే తెలుస్తుంది. మూడోదాని మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచు చెదరకుండా కనిపిస్తే కిట్ ఆర్డర్ పెట్టండి. ఇంజిన్ లేని కిట్ తీసుకోండి, తమియా 1/24లో అలాంటివి చాలా ఉన్నాయి. బాడీని డిష్‌వాష్ సబ్బుతో కడిగి ఆరబెట్టాకే ప్రైమర్ వేయండి, అచ్చు నుంచి అంటిన జిడ్డు ఉంటే రంగు నిలవదు.