వైన్‌తో పేచీ లేదు, బిరడాతోనే

గ్రెనాష్ అనే ఎర్ర ద్రాక్ష ప్రధానంగా ఉన్న ఈ మిశ్రమ వైన్ పన్నెండు సీసాల పెట్టె కొని నాలుగేళ్లయింది. మొదటి రెండు తాగినప్పుడు ఆకాశానికెత్తాను. మెడ మీద ఎర్ర లక్క చూసి, ఇంత శ్రద్ధగా మూసినవాడు లోపలిదీ అంతే శ్రద్ధగా చేసుంటాడని రాశాను కూడా. శ్రద్ధగానే చేశాడు. నా గొడవంతా లక్కకీ వైన్‌కీ మధ్యనున్న, రెండంగుళాలు కూడా లేని ఆ బిరడాతో.

ఏడో సీసా స్నేహితులు వచ్చిన రోజు తీశాను. గట్టి లక్క, పెచ్చులూడి గ్లాసుల్లో పడింది. అది సరే. పోశాక చూస్తే వాసనే లేదు. చెడు వాసన అని కాదు, అసలేమీ లేదు. గ్లాసు ఎత్తకముందే పలకరించే స్ట్రాబెర్రీ, తెల్ల మిరియాల ఘాటు ఎటుపోయాయో! 15 శాతం ఆల్కహాల్ మాత్రం గొంతులో మండుతూ మిగిలింది. నేను అన్నీ తెలిసినవాడిలా ఉపన్యాసం అందుకున్నాను: గ్రెనాష్ తొక్క పల్చన, గాలి తగిలితే ఇట్టే వాడిపోయే రకం, అందుకే రంగుకీ వగరుకీ సిరా, మూర్వెద్ర్ అనే వేరే ద్రాక్షరకాలు దన్నుగా కలుపుతారు, అయినా దీనికి వయసైపోయింది అని. పాపం, అందరూ తలూపారు. సగం సీసా మిగిలింది.

నాలుగు రోజులాగి, మిగతావీ పాడయ్యేలోపు తాగేద్దామని ఎనిమిదోది తీశాను. నిక్షేపంగా ఉంది! అనుమానమొచ్చి ఫ్రిజ్‌లోని పాత సగం మరో గ్లాసులో పోసి పక్కన పెట్టాను. అప్పుడు దొరికింది దొంగ: తడిసి ఆరని అట్టపెట్టె వాసన, ముక్కిన వాసన. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం పని. బిరడాలోంచి దిగుతుంది, లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు. మరీ కొద్దిగా ఉంటే తన వాసన బయటపెట్టదు, పండు వాసనను మింగేసి ఊరుకుంటుంది. మనం వైన్‌ని తిడతాం. నాలుగో సీసాని ‘కాస్త నీరసించింది’ అని రాసింది కూడా ఇలాంటిదేనేమో, ఇప్పుడు తేల్చలేను.

అమ్మినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు. సీసా, బిరడా తెచ్చి చూపిస్తే బదులిస్తామన్నారు. బిరడా అప్పటికే చెత్తలో పోయింది.

లక్క ఈ జబ్బును ఆపలేదు, ఎందుకంటే జబ్బు బిరడాలోనే ఉంది. పైగా బిరడా కారుతోందా లేదా అన్నది కూడా కనపడనివ్వదు. పైన పటారం అంటే ఇదే. ఆస్ట్రేలియాలో పేరున్న వైన్ ప్రాంతాలు బరోసా, మెక్‌లారెన్ వేల్ వాళ్లు ఎంతోమంది మంచి గ్రెనాష్‌కి కూడా తిప్పే మూతే పెడుతున్నారు, ఎవరి పరువూ పోలేదు.

‘సీసా తీశాక రెండో రోజు ఇంకా బాగుంటుంది’ అని అప్పట్లో రాసిన నా పాత మాట మొదటి ఏడాదికే చెల్లుతుంది. ఈమధ్య తీసినవి మర్నాటికే చప్పబడ్డాయి. ఒక్కడినే, వారంలో రెండు మూడు గ్లాసులు తాగేవాణ్ని కాబట్టి నాకిది నష్టం. ఒక్క పూటలో నలుగురు ఖాళీ చేసే ఇంట్లో ఈ లోపం కంటికే ఆనదు. ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే మంటా తగ్గుతుంది.

మళ్లీ కొంటానా? మూడు సీసాలైతే కొంటానేమో, పెట్టె మాత్రం తిప్పే మూత వస్తేనే. పన్నెండోది ఇంకా అల్మరాలో ఉంది. దాన్ని తీసే రోజు పక్కన ఇంకో వైన్ సిద్ధంగా పెట్టుకుంటాను.