ఫ్లోటేషన్ సెల్ బబుల్ వ్యూయర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఫ్లోటేషన్ సెల్ అంటే నీళ్లలో కలిపిన ఖనిజప్పొడిలోకి గాలి బుడగలు వదిలి, వాటికి అంటుకున్న ఖనిజాన్ని పైకి తేల్చి వేరుచేసే తొట్టి. ఆ బుడగల సైజు కొలిచే పరికరమే ఈ వ్యూయర్. కొనొచ్చా అని అడిగితే, కొనండి అనే చెప్తాను. కానీ దాంతోపాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ చూపించే నంబర్‌ను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి.

పాత పాలమూరు జిల్లాలో, జడ్చర్ల వైపు, ఫెల్డ్‌స్పార్ నుంచి అభ్రకం, ఇనుము తీసే ప్లాంటు మాది. మా దగ్గరున్నది మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన పద్ధతిలో చేసిన వ్యూయర్. సెల్‌లోకి దించే గొట్టం, దాని పైన నీళ్లు నింపి సీల్ చేసిన పెట్టె, వెనక లైటు, ముందు కెమెరా, అంతే. అద్దం 15 డిగ్రీల దాకా వాలుగా ఉంటుంది కాబట్టి పైకొచ్చే బుడగలు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా అద్దానికి ఆనుకుని పరుచుకుంటాయి. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

పెట్టెలో ఏ నీళ్లు పోస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఉత్త నీళ్లు పోస్తే గొట్టంలో ఎక్కేటప్పుడే బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి, సెల్‌లో లేని సైజు కెమెరాలో కనిపిస్తుంది. సెల్‌లో ఎంత ఫ్రాదర్ (బుడగలు కలిసిపోకుండా చేసి నురుగు తెచ్చే రసాయనం) ఉందో ఇందులోనూ అంత వేయాలి. మా బోరు నీళ్లు మరీ హార్డ్, ఆరితే అద్దం మీద తెల్లటి మచ్చలు పడతాయి, ఆ మచ్చల్ని కూడా సాఫ్ట్‌వేర్ బుడగలుగా లెక్కపెట్టేస్తుంది. అందుకే క్యాన్ నీళ్లే పోస్తాం, పనైపోగానే మెత్తటి గుడ్డతో తుడిచేస్తాం.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. గుండ్రంగా లేని బుడగల్ని అది తీసేస్తుంది. రెండు అతుక్కుని కనిపించినప్పుడు తీసేయడం సరే, కానీ పెద్ద బుడగ ఎప్పుడూ నున్నగా గుండ్రంగా ఉండదు, ఊగుతూ చపటగా అయిపోతుంది, కాబట్టి అసలు చూడాల్సినదే పోతుంది. ఎంత తేడా వస్తుందో చూడండి. 1 మి.మీ. బుడగలు తొమ్మిది, 3 మి.మీ. బుడగ ఒకటి ఉన్నాయనుకుందాం. మామూలు సగటు 1.2 మి.మీ. ఫ్లోటేషన్‌లో వాడే డీ32 లెక్కలో, అంటే వ్యాసాల ఘనాల మొత్తాన్ని వర్గాల మొత్తంతో భాగిస్తే, సరిగ్గా 2 మి.మీ. వస్తుంది. ఆ ఒక్క పెద్ద బుడగను తీసేస్తే 1 మి.మీ. గాలి వేగం సెకనుకు 1 సెం.మీ. అనుకుంటే, బుడగల ఉపరితల ప్రవాహం, అంటే సెల్‌లో ఒక్కో చదరపు సెం.మీ. మేర సెకనుకు పైకొచ్చే బుడగల మొత్తం ఉపరితలం, 30 చదరపు సెం.మీ.కి బదులు 60 అని చూపిస్తుంది. సెల్ బ్రహ్మాండంగా నడుస్తోందని మనం సంబరపడతాం, టెయిలింగ్స్‌లో (తేలకుండా మిగిలినదాంట్లో) మాత్రం అభ్రకం మెరుస్తూనే ఉంటుంది! అమ్మినవాళ్లను అడిగితే సెట్టింగ్ మార్చే వీల్లేదన్నారు. ఇప్పుడు ఫొటోలు బయటికి తీసి ఇమేజ్‌జే అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో మేమే కొలుచుకుంటున్నాం.

స్లర్రీలో (ఖనిజప్పొడి కలిసిన నీళ్లలో) పెడితే బుడగలతోపాటు మట్టి పైకొచ్చి నీళ్లు తొందరగా మసకబారతాయి, పైన గాలి చేరి నీటిమట్టం కూడా దిగిపోతుంది. ఫొటోలన్నీ ఆలోపే తీసుకోవాలి. అద్దం సెల్ మట్టానికి మీటరు పైన ఉంటే, అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి వ్యాసం 3-4 శాతం పెరుగుతుంది, దాన్నీ సరిచేసుకోవాలి.

మాకు బాగా పనికొచ్చింది ఫ్రాదర్ విషయంలో. డోసు పెంచుతూ పోతే ఒక హద్దు దాటాక బుడగ ఇక చిన్నదవదు, ఎంఐబీసీ అనే ఫ్రాదర్‌కి ఆ హద్దు 10 పీపీఎం చుట్టుపక్కల. ఆ తర్వాత పోసేదంతా నురుగు పొంగడానికే. అభ్రకం బుడగలకు అంటుకునేలా మేం వాడే అమీన్ అనే రసాయనం కూడా నురుగు తెస్తుంది, అందుకని అమీన్ డోసు మారినప్పుడల్లా మళ్లీ కొలుస్తాం.

బుడగ సైజు బాగున్నంత మాత్రాన గ్రేడ్ (సరుకు శుద్ధత) రాదు, పీహెచ్, గ్రైండింగ్ సరిగ్గా లేకపోతే ఇదేం చేయలేదు. కొనేవాళ్లు ఒరిజినల్ ఫొటోలు బయటికి తీసుకోనిస్తారో లేదో ముందే అడగండి, కుదరదంటే ఆ మోడల్ వదిలేయండి.