హిందూపురంలో ఆరో తరగతికి సర్కారు బడి వెతుకుతూ

ఈ జూన్‌లో పాప ఆరో తరగతికి వస్తుంది. బెంగళూరు వదిలి హిందూపురం వచ్చేద్దామని, పాపని ప్రభుత్వ బడిలోనే చేర్చుదామని అనుకున్నాం. అందుకే మా ఆయనా నేనూ వెళ్లి బడులు చూసొచ్చాం.

ఆ చుట్టుపక్కల పేరున్నవి రెండు: లేపాక్షి నవోదయ, కొడిగెనహళ్లి గురుకులం. నవోదయ పరీక్ష రాయాలంటే పిల్లలు అదే జిల్లాలో ఐదో తరగతి చదువుతూ ఉండాలి. బెంగళూరులో చదివిన మా పాపకు ఆ దారి లేదు. 1972లో పెట్టిన కొడిగెనహళ్లి గురుకులమేమో మగపిల్లలది. కస్తూర్బా విద్యాలయం ఆడపిల్లలదే, ఆరు నుంచే ఉంటుంది, కానీ హాస్టల్. పాప మా దగ్గరే ఉండాలని మా కోరిక. ఇక మిగిలినవి టౌన్‌లోని హైస్కూళ్లు.

మొదట చూసిన బడి లోపలికి అడుగు పెట్టగానే నచ్చేసింది. కొత్త రంగులు, మంచి బెంచీలు, గోడకు డిజిటల్ ప్యానెల్. కానీ ఆడపిల్లల బాత్రూమ్‌కు తాళం వేసి ఉంది. అడిగితే, నీళ్లు వచ్చినప్పుడు తీస్తామన్నారు. పొద్దున తొమ్మిదికి వచ్చిన పిల్ల సాయంత్రం దాకా ఎలా ఉంటుంది? బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు కూడా తాగడం లేదని ఇద్దరు ఆడపిల్లలు చెప్పారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఏడో తరగతికి లెక్కల టీచర్ కూడా లేరు, సైన్స్ సారే చూసుకుంటున్నారట.

రెండోది పాత భవనం. ఆవరణలో నీడ తక్కువ, ఒక గదిలో పెచ్చులూడుతున్నాయి. కానీ కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. అన్ని సబ్జెక్టులకూ టీచర్లున్నారు. పిల్లల నోటు పుస్తకాలు చూస్తామంటే హెడ్మాస్టర్ గారు వెంటనే తెప్పించారు. ప్రతి పేజీ దిద్ది ఉంది. తప్పు చేసిన లెక్కను పిల్లతో కిందే మళ్లీ చేయించారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పాప ఇన్నాళ్లూ కన్నడ చదివింది, తెలుగు రాయడం రాదని టెన్షన్ పడ్డాను. "కన్నడ అక్షరాలు వస్తే మనవి తొందరగానే వస్తాయమ్మా, వేసవిలో గుణింతాలు, ఒత్తులు రాయించండి" అన్నారు తెలుగు మేడమ్.

భోజనం రెండు చోట్లా బాగానే ఉంది, గుడ్డు పెట్టారు. చూడాలనుకునేవాళ్లు మధ్యాహ్నం గంట కొట్టే ముందు వెళ్లండి. వడ్డన, చేతులు కడుక్కునే చోటు, బాత్రూమ్‌లు అన్నీ అప్పుడే కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు ఆధార్, పిల్లల పెన్ నంబర్ (చదువుకునే పిల్లలకిచ్చే శాశ్వత గుర్తింపు నంబర్) దగ్గర పెట్టుకుంటే మంచిది, మమ్మల్ని రెండు చోట్లా అడిగారు.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో హారన్ల మోతకు నిద్ర పట్టలేదు. స్టేషన్ వైపు మారాక హాయిగా ఉంది. పొద్దున ఉగ్గాని, బజ్జి మాత్రం బస్టాండ్ దగ్గరే తినాలి.

మేము రెండో బడికే ఖాయం చేసుకున్నాం. బడి తెరిచేది జూన్ 12న. ఆలోగా అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూసుకోవాలి. అద్దె కాస్త ఎక్కువైనా ఫర్వాలేదంటున్నారు మా ఆయన.