గ్రీకు వీరులు, ప్రేతాలు: ఎవరి కథతో మొదలుపెట్టాలి?

గ్రీకు పురాణాల్లో దయ్యాలను ఎదుర్కొన్న వీరుడి కథ చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో సగం మంది మనసులో ముందే ఒక పేరు ఉంటుంది. అది జేసన్. కారణం 1963లో వచ్చిన ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’ సినిమా. అందులో ఏడు అస్థిపంజరాలు కత్తీ డాలూ పట్టుకుని నేలలోంచి లేచి వస్తాయి. రే హారీహౌసెన్ ఆ బొమ్మలను ఒక్కో ఫ్రేముకు కాస్త కాస్త కదుపుతూ ఆ పోరాటం తీయడానికి నాలుగున్నర నెలలు పట్టింది. తెర మీద అది కొద్ది నిమిషాలే. ఇప్పుడు చూసినా కళ్ళు తిప్పుకోలేము.

అయితే పాత కథలో ఆ అస్థిపంజరాలు లేవు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అపొల్లోనియస్ రాసిన కావ్యంలో జేసన్ బంగారు ఉన్ని సాధించడానికి నిప్పులు కక్కే ఎద్దులను నాగలికి కట్టి, దున్నిన చాళ్ళలో మహాసర్పం కోరలు విత్తుతాడు. మొలిచేది ఆయుధాలు పట్టిన యోధులు. వాళ్ళు చచ్చి లేచినవాళ్ళు కాదు, అప్పుడే పుట్టినవాళ్ళు. అతణ్ణి ప్రేమించిన మంత్రగత్తె మెడియా చెప్పినట్టు జేసన్ వాళ్ళ మధ్యకు పెద్ద బండ విసిరితే ఒకరినొకరు నరుక్కుంటారు. మిగిలినవాళ్ళను, నడుము వరకే మొలిచినవాళ్ళను సైతం, పైరు కోసినట్టు కోసేస్తాడు. మంచి యుద్ధమే, కానీ దయ్యాల కథ కాదు.

హెరాక్లీస్ అలా కాదు, మృతుల లోకానికే దిగివెళ్ళాడు. మూడు తలల కుక్క సెర్బెరస్‌ను పట్టి తేవడం అతడికి విధించిన పన్నెండు పనుల్లో చివరిది. అక్కడ పాముల జుట్టున్న రాక్షసి మెడూసా ప్రేతం కనబడగానే కత్తి దూస్తాడు. పక్కనే ఉన్న హెర్మీస్ దేవుడు, అది వట్టి నీడ అని చెబుతాడు. నా మటుకు ఈ వీరులను తూచడానికి తూకపురాయి ఇదే. చచ్చినవాడిని మళ్ళీ చంపలేము. కత్తికి పని లేని చోట వీరుడు ఏం చేస్తాడు? హెరాక్లీస్ తన బలంతో కుక్కను లొంగదీసుకుని వచ్చేస్తాడు. ఆ లోకంలో ఉన్నవాళ్ళతో అతడికి పెద్దగా పని లేదు.

ట్రాయ్ యుద్ధం ముగించుకుని ఇంటికి దారి వెతుక్కుంటున్న ఒడిస్సియస్‌కు ఉంది. హోమర్ ‘ఒడిస్సీ’ పదకొండో సర్గలో అతడు మూరెడు గుంట తవ్వి, చుట్టూ తేనె కలిపిన పాలు, ద్రాక్షసారాయి, నీళ్ళు పోసి, బార్లీ పిండి చల్లి, గొర్రెలను కోసి నెత్తురు గుంటలోకి పారిస్తాడు. తర్పణాలు, పిండాలు తెలిసిన మనకు ఈ తంతు మరీ పరాయిగా అనిపించదు. నెత్తురు వాసనకు ప్రేతాలు మూగుతాయి: కొత్త పెళ్ళికూతుళ్ళు, ముసలివాళ్ళు, గాయాలతో చచ్చిన సైనికులు. ఒడిస్సియస్ కత్తి దూసి గుంట దగ్గర కూర్చుంటాడు. ఎవరినీ చంపడానికి కాదు, తాను దారి అడగాల్సిన టైరీసియస్ అనే చనిపోయిన జోస్యుడు రాకముందు ఎవరూ ఆ నెత్తురు తాగకుండా.

ఆ గుంపులో అతడి తల్లి కూడా ఉంది. తాను ఇల్లు వదిలినప్పుడు ఆమె బతికే ఉంది. చనిపోయిందని ఇక్కడే తెలిసింది. ఏడుస్తూనే, ఆమెను కూడా నెత్తురు దగ్గరకు రానివ్వడు. ఏ వీరగాథలోనైనా కత్తిని ఇంత కష్టమైన పనికి వాడినవాడు నాకు కనబడలేదు. తర్వాత ఆమె తాగి కొడుకును గుర్తుపడుతుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతే మూడుసార్లూ నీడలా చేజారిపోతుంది. మృతులందరి మీదా రాజుగా ఉండటం కంటే బతికుండి ఒక పేదవాడి దగ్గర కూలి చేసుకోవడం మేలని, ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన మహావీరుడు అకిలీస్ అనేదీ ఇక్కడే. ఇక్కడి ప్రేతాలు భయపెట్టడానికి రావు, ఏదో ఒకటి అడగడానికి వస్తాయి. మంత్రగత్తె సర్సీ ఇంటి కప్పు మీంచి పడి చచ్చిన ఒడిస్సియస్ సహచరుడు ఎల్పెనోర్ అడిగేది తనకు దహనం చేసి, మట్టి దిబ్బ మీద తన తెడ్డు పాతమని మాత్రమే.

ఆర్ఫియస్‌ది ప్రేమకథ: వెనక్కి చూడకూడదన్న షరతు మీద చనిపోయిన భార్యను మృతుల లోకం నుంచి తీసుకొస్తుంటాడు. సావిత్రి ఎరిగిన మనకు అతడు వెనక్కి తిరిగి చూసినప్పుడు కోపం వస్తుంది, అంతే. థీసియస్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు, హెరాక్లీస్ విడిపించాల్సి వచ్చింది.

ఇన్ని చెప్పినా, లేదు, ప్రేతాన్ని ఎదిరించి కొట్టినవాడే కావాలంటే యూథిమస్ ఉన్నాడు. ఇతడు నిజం మనిషి, క్రీ.పూ. 484, 476, 472 ఒలింపిక్ క్రీడల్లో ముష్టియుద్ధం గెలిచినవాడు. కథ మాత్రం పౌసానియస్ అనే ప్రాచీన గ్రీకు యాత్రికుడు చెప్పింది. ఇటలీలోని టెమెసా ఊరిని ఒక ప్రేతం పీడిస్తుంటే, ఊరివాళ్ళు ఏటా ఒక అందమైన కన్యను అప్పగించేవారు. ఏకచక్రపురంలో బకాసురుడి వంతు లాంటిదే, భీముడికి బదులు యూథిమస్ వచ్చాడు. గుడిలో కాపు వేసి, ఆ ప్రేతాన్ని ఓడించి సముద్రంలోకి తరిమాడు, ఆ పిల్లను పెళ్ళాడాడు. ఇంతకీ ఆ ప్రేతం బతికున్నప్పుడు ఒడిస్సియస్ నావికుడు. ఆ ఊరి పిల్లను చెరిచినందుకు జనం రాళ్ళతో కొట్టి చంపారు. ఎల్పెనోర్‌కు అంత్యక్రియలు చేయడానికి సర్సీ దీవికి తిరిగి వెళ్ళిన ఒడిస్సియస్, ఇతడు పోయినందుకు ఏమీ పట్టించుకోకుండా ఓడ ఎక్కి వెళ్ళిపోయాడట.