ఒక ఓటా, రెండు ఓట్లా? మనసులో మాట చెప్పడానికి ఏది మేలు?

2009లో మా పెద్దనాన్నకి లోక్‌సత్తా అంటే పిచ్చి అభిమానం. తీరా పోలింగ్ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి వేరే పార్టీకి నొక్కి వచ్చాడు. "గెలవని వాళ్లకి వేసి ఓటు మురగబెట్టుకోవడం ఎందుకురా" అన్నాడు, వేలి మీద సిరా ఆరకముందే. ఆ ఎన్నికల్లో లోక్‌సత్తాకి దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే. ఆయనలా మనసొకచోట, వేలొకచోట పెట్టినవాళ్లు ఎందరో!

మన పద్ధతిలో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లదే సీటు, మిగతా ఓట్లన్నీ గాలికే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాదాపు 39 శాతం ఓట్లతో తెలుగుదేశానికి 23 సీట్లొచ్చాయి. 2024లో ఇంచుమించు అదే శాతంతో వైఎస్సార్‌సీపీకి 11. అసెంబ్లీని చూస్తే జనం ఆ పార్టీని వదిలేశారనిపిస్తుంది గానీ, పదిమందిలో నలుగురు దానికే వేశారు.

న్యూజిలాండ్‌లోనూ ఒకప్పుడు ఇదే తంతు. 1981లో సోషల్ క్రెడిట్ పార్టీకి ఐదో వంతు ఓట్లు పడినా రెండే సీట్లు. 1993 రెఫరెండంలో జనమే పద్ధతి మార్చేశారు. 1996 నుంచి మనిషికి రెండు ఓట్లు: ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. పార్టీ ఓట్లలో 5 శాతం వచ్చినా, ఒక్క నియోజకవర్గం గెలిచినా చాలు, ఓట్ల దామాషాలో సీట్లు. ఆ లెక్కన కూకట్‌పల్లి గెలిచిన లోక్‌సత్తా గడప దాటినట్టే. ఈ సంగతి చెప్తే పెద్దనాన్న "అయితే రెండోది లోక్‌సత్తా గుర్తు ఈలకే గుద్దేవాణ్ణి" అన్నాడు.

అక్కడా బేరాలున్నాయి. 2017లో న్యూజిలాండ్ ఫస్ట్ అనే చిన్న పార్టీ ఎటు మొగ్గుతుందో తెలియక దేశమంతా దాదాపు నెల రోజులు ఎదురుచూసింది. చివరికి అది ఎక్కువ సీట్లున్న నేషనల్‌ని కాదని లేబర్‌తో కలిసింది. మనమేం తక్కువ తిన్నాం? 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం, తాను పోటీపడిన కాంగ్రెస్‌లోనే 2011లో కలిసిపోయింది.

నా టెన్షన్ అంతా, పార్టీ ఓట్ల లెక్కన వచ్చే సీట్లలో ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పే పార్టీ లిస్టు గురించే. అందులో పేర్ల వరస పార్టీయే ఖరారు చేస్తుంది. మన దగ్గర బీ-ఫారం కోసమే అంత తోపులాట, ఇక లిస్టులో మూడో నంబరు రేటు ఎంత పలుకుతుందో! అయినా నా మొగ్గు రెండు ఓట్లకే. స్వీడన్‌లోలా లిస్టులో నచ్చిన పేరు దగ్గర ఓటరే టిక్కు పెట్టే వీలు కూడా ఉండాలి.