బల్లపరుపు పెడలా, బూటు బిగించే పెడలా: ఏడేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో ఏడేళ్లుగా వారంలో ఐదు రోజులు ఉద్యోగానికి రేణిగుంట దారిలోనూ, ఆదివారాలు చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్ వైపూ సైకిల్ తొక్కుతున్నాను. ఒకే సైకిల్‌కు మూడు రకాల పెడల్స్ మార్చి వాడాను.

సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడల్స్ నవంబరు వానల్లో పనికిరావు. తడిసిన చెప్పు జారి ముంగాలికి రెండుసార్లు గట్టి దెబ్బ తగిలింది. చిన్న పిన్నులున్న అల్యూమినియం బల్లపరుపు పెడల్స్ వేశాక ఆ బాధ తీరింది.

ఆ తర్వాత మూడు బోల్టుల క్లీట్ బూట్లకు మారాను. క్లీట్ అంటే బూటు అడుగున బిగించే ముక్క; అది పెడల్‌లో ఇరుక్కొని పాదాన్ని పట్టి ఉంచుతుంది. 1984లో లుక్ సంస్థ మంచు స్కీల బిగింపు నుంచి రూపొందించిన ఈ పద్ధతితోనే 1985లో ఫ్రెంచ్ సైక్లిస్టు బెర్నార్డ్ ఇనో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడు. ఎక్కుడులో వేగంగా తొక్కినా పాదం కదలకపోవడం దీని అసలు సుగుణం. పెడల్‌ను పైకి లాగితే బలం రెట్టింపవుతుందనే మాట మాత్రం నా అనుభవంలో నిజం కాలేదు. ఘాట్‌లో కూడా పని చేసేది కిందికి తొక్కే కాలే. మొదట వాడిన షిమానో సంస్థ ఎరుపు క్లీట్ మడమను అటూ ఇటూ కదలనివ్వదు కనుక నెలలోపే మోకాలు నొప్పి మొదలైంది. ఆరు డిగ్రీల కదలిక ఉన్న పసుపు క్లీట్ వేశాక అది క్రమంగా తగ్గింది. అయితే శ్రీనివాస మంగాపురంలో దిగి నాలుగు అడుగులు వేయాలన్నా అడుగున పొడుచుకొని ఉండే ఆ ప్లాస్టిక్ క్లీట్ రాళ్ల మీద జారుతుంది, త్వరగా అరుగుతుంది.

ఇప్పుడు నాలుగేళ్లుగా వాడుతున్నది ఒక వైపు బల్లపరుపుగా, మరో వైపు రెండు బోల్టుల ఎస్‌పీడీ (షిమానో వారి చిన్న క్లీట్ రకం) బిగింపుతో ఉండే పెడల్. ఇనుప క్లీట్ బూటు అడుగులోని గుంటలో ఒదిగి ఉంటుంది కాబట్టి చంద్రగిరి కోటలో కూడా హాయిగా నడవగలుగుతున్నాను; ఆఫీసుకు మామూలు చెప్పులతోనే వెళ్తున్నాను. సిగ్నల్ పడినప్పుడు ఏ వైపు పైకి ఉందో కాలితో వెతుక్కోవలసి రావడం ఒక్కటే దీని లోపం. కొత్తవారు స్ప్రింగు మరను బాగా వదులు చేసుకొని, గోడ పట్టుకొని పాదం విడిపించడం అలవాటయ్యాకే లీలామహల్ కూడలి వంటి రద్దీలోకి వెళ్లాలి.

ఏ రకం కొన్నా మరకు గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, అంటే అపసవ్యంగా తిప్పితేనే బిగుస్తుంది. అది గమనించకుండా పానాతో బలవంతం చేసినందుకు నా పాత క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర పూర్తిగా పోయి, దానిని మార్చవలసి వచ్చింది.